నర్సు పిల్లల తరగతిలో నా కుర్చీ

మా ఇల్లు సామర్లకోటలో రైల్వే గేటుకి దగ్గర్లో ఉంటుంది. సికింద్రాబాద్ పోయే బళ్ళు రోజూ మేం అప్పడాలు ఆరబెట్టే చోటి పక్కనుంచే పోతాయి. గేటు వేశారంటే బండి వచ్చేలోగా అప్పడాల మీద పాత చీర కప్పాలి. లేకపోతే దుమ్మంతా వాటి మీదే. ఇన్నేళ్ళూ సికింద్రాబాద్ అంటే నాకు ఆ దుమ్మే. పోయిన చలికాలం మొదటిసారి ఆ బండి ఎక్కి వెళ్ళొచ్చాను.

వచ్చినప్పట్నుంచీ మా సాయంత్రం బడిలో ఆడవాళ్ళు ఏం చూశావు, ఏం తిన్నావు అని అడుగుతూనే ఉన్నారు. నోటితో చెబితే ఒక్కొక్కరికి ఒక్కో ముక్కే అందుతోంది. అందుకని రాస్తున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగా చదవండి.

ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మా బడి మొదలుపెట్టిన స్వరూపది సికింద్రాబాదే. కొన్నేళ్ళ క్రితం మా వైపు ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేసేది. నాకు బీపీ ఎక్కువై అక్కడ చేరాను. ఇంటికి పంపే రోజున స్వరూప రెండు మాత్రల అట్టలు నా చేతిలో పెట్టి, ఏది పొద్దున వేసుకోవాలో, ఏది సగం విరిచి రాత్రికి వేసుకోవాలో ఓపిగ్గా చెప్పింది. అర్థమైందా అమ్మా అంది. అయిందమ్మా అన్నాను. ఇంటికొచ్చి చూస్తే రెండు అట్టలూ ఒకేలా ఉన్నాయి. కొన్నాళ్ళకి అప్పడాల పీట ముందే కళ్ళు తిరిగి పడిపోయాను. మళ్ళీ అదే ఆసుపత్రి, అదే స్వరూప. అర్థమైందన్నారు కదా అని అడిగింది. నువ్వంతసేపు నిలబడి చెప్పావు, కాలేదంటే నిన్ను చిన్నబుచ్చినట్టుండదా అన్నాను. ఆ పిల్ల చాలాసేపు నా కాళ్ళ దగ్గర కూర్చుంది. తర్వాతి ఆదివారం పలక పట్టుకుని మా ఇంటికొచ్చింది. నా ఒక్కదానితో మొదలైన పలక మా వీధి ఆడవాళ్ళందరికీ సాయంత్రం బడి అయింది.

ఇప్పుడు స్వరూప సికింద్రాబాద్‌లో ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. చదవడం రాని రోగికి మందులూ జాగ్రత్తలూ ఎలా చెప్పాలి అన్నది అక్కడ ఆఖరి ఏడాదిలో ఒక విడి పేపరు. ఇష్టమైనవాళ్ళు తీసుకుంటారు, లేనివాళ్ళు లేదు. తీసుకునేది ఏ నలుగురో ఐదుగురో. దాన్ని ఆ మూల నుంచి తీసి మొదటి ఏడాది నుంచే అన్ని సబ్జెక్టుల్లోనూ కలపాలని స్వరూప పట్టు. ఒంట్లో భాగాల గురించి చెప్పేటప్పుడు కొంత, మందుల గురించి చెప్పేటప్పుడు కొంత, తిండి గురించి చెప్పేటప్పుడు కొంత. ప్రిన్సిపాల్ గారు ఒక వారం అలా చెప్పి చూడండి, వారం చివర లెక్చరర్లందరూ కూర్చుని తేల్చుకోండి అన్నారట. ఇప్పుడు కాదంటే మళ్ళీ పాఠాలు సర్దేది ఎన్నేళ్ళకో. ఆ వారం నన్ను రమ్మని ఫోన్ చేసింది. నువ్వేం చెయ్యక్కర్లేదమ్మా, తరగతిలో వచ్చి కూర్చో చాలు అంది.

బండిలో

స్వరూప కోసం మినప అప్పడాలు, పెసర అప్పడాలు విడివిడిగా కట్టి సంచిలో పెట్టుకున్నాను. సంచి సీటు కింద పెట్టి కూర్చున్నానో లేదో ఒకాయన తన ఇనప పెట్టెని కాలితో ఆ కిందికే తోసేశాడు. చప్పుడు నాకు వినబడింది. అప్పడం విరిగిన చప్పుడు ఎంత గోలలోనైనా నాకు వినబడుతుంది. ఎదురుగా వరంగల్ వెళ్ళే ఆవిడ కూర్చుని ఉంది. సంచి తీసి చూసుకుంటున్న నన్ను చూసి, పరేషాన్ గాకక్కా, ముక్కలైతే ఏంది, నూనెల ఏస్తే అయ్యి సుత పొంగుతయ్ అంది. తన దగ్గరున్న మొక్కజొన్న గారెలు రెండు నా చేతిలో పెట్టింది. మా దగ్గర రైల్లో పక్కవాళ్ళు ఏదైనా పెడితే ముందు వద్దని, రెండోసారి అడిగితే తీసుకుంటాం. ఆవిడ రెండోసారి అడగలేదు. వద్దన్నా పెట్టేసింది. అదే నయమనిపించింది.

తెల్లవారుతుండగా కిటికీలోంచి స్టేషన్ల పేర్లు చదువుకుంటూ పోయాను. బండి ఆగని చోట పేరు పూర్తయ్యేలోపే వెళ్ళిపోతుంది. ఒకచోట సిగ్నల్ లేక బండి నిలబడింది. మౌలాలి అని చదివాను. దూరంగా పెద్ద రాతి గుట్ట, దాని మీద తెల్లగా దర్గా, దాని పక్కగా అప్పుడే వెలుగు. ఇక్కడికి మళ్ళీ వస్తానని అప్పుడు తెలీదు.

చిలకలగూడ

స్వరూప వాళ్ళ ఇల్లు చిలకలగూడలో. స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరమే కానీ, నా సంచి చూసి స్వరూప ఆటో ఎక్కించింది. వాళ్ళమ్మ చంద్రకళ గడపలోనే నిలబడి ఉంది. నాకంటే కొంచెం చిన్నదేమో. నన్ను చూసిన నిమిషానికే వదినె అని పిలవడం మొదలుపెట్టింది. మా దగ్గర కొత్తవాళ్ళని అండీ గారూ అని మొదలుపెట్టి వరస కలపడానికి నాలుగు రోజులు తీసుకుంటాం. ఇక్కడ వరస ముందొస్తుంది, పేరు తర్వాత అడుగుతారు.

విరిగిన అప్పడాలు చూపించి సిగ్గుపడుతుంటే చంద్రకళ ఆ ముక్కలన్నీ ఒక డబ్బాలో పోసుకుని, మంచిగైంది, తుంపే పని తప్పింది అంది.

మధ్యాహ్నం పచ్చిపులుసు చేసింది. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త బెల్లం, నువ్వుల పొడి. పొయ్యి మీద ఎప్పుడు పెడుతుందా అని నేను చూస్తూనే ఉన్నాను. పెట్టలేదు. అలాగే అన్నంలో పోసింది. మేం చారుని పొంగు రానివ్వకుండా తాగం. మొదటి ముద్దకి భయపడ్డాను, మూడో ముద్దకి ఇంకొంచెం పొయ్యమన్నాను. సాయంత్రం సర్వపిండి. బియ్యప్పిండి గిన్నెకి అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి కాల్చడం. పిండి నా చేతికిమ్మని అద్దబోతే, నా చెయ్యి అప్పడాలకి అలవాటు పడి మరీ పల్చగా అద్దేసింది. మాడిపోయింది. అప్పడం దిక్కు పోకొదినె అని చంద్రకళ నవ్వి, గిన్నె తన వైపు లాక్కుంది.

మల్లెపూలకని బజారుకి వెళితే మూర యాభై అన్నాడు. మా దగ్గర ఆ డబ్బుకి తలకి సరిపడా రెండు మూరలు పెట్టుకుని, దేవుడికీ ఒకటి మిగులుతుంది. కొనకుండా వచ్చేశాను. టీ మాత్రం మనకంటే చిక్కగా, తియ్యగా ఉంటుంది. ఇంటికెవరొచ్చినా మనం భోంచేశారా అంటాం, వీళ్ళు చాయ్ తాగుతవా అంటారు. వద్దన్నా కప్పు వస్తుంది.

స్వరూప గదిలో పాఠాలు సర్దుకుంటుంటే, చంద్రకళ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. కాలేజీలో ఇది కాకపోతే ఉద్యోగం వదిలేసి మళ్ళీ ఆసుపత్రి వార్డుకి పోతానంటోందట. పదేళ్ళు కష్టపడి చదివి లెక్చరర్ అయింది, రాత్రి డ్యూటీలతో నడుం పాడుచేసుకుని బయటపడింది, మళ్ళీ అక్కడికే పోతుందా అని ఆవిడ బాధ.

“నువ్వు చెప్తే ఇంటది వదినె. నా మాటైతే ఇనది.”

ఏం చెప్పాలో నాకు తెలీదు. సరేనన్నాను.

కార్ఖానా

కాలేజీ కార్ఖానా దగ్గర. పేరు రాయను. కార్ఖానా అంటే ఏదో పెద్ద మిల్లు ఉంటుందనుకున్నాను. బట్టల కొట్లు, మందుల షాపులు, మిఠాయి దుకాణాలు. మా ఊరి రైసుమిల్లు చూసిన కళ్ళకి ఎక్కడా పొగగొట్టం కనబడలేదు.

ప్రతి తరగతిలోనూ పక్కగా నాకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మొదటి గంట తిండి గురించి. ఆ మేడం గారు షుగర్ ఉన్నవాళ్ళు ఎన్ని గ్రాముల అన్నం తినాలో బోర్డు మీద రాసి, మీ అమ్మమ్మకి ఇది ఎలా చెబుతారు అని పిల్లల్ని అడిగారు. ఒకరు గరిటె అన్నారు, ఒకరు చిన్న గిన్నె అన్నారు. ఏ గరిటె అని కాసేపు తగువు పడ్డారు. ఒక్కో ఇంట్లో ఒక్కో గరిటె కదా. చివరికి రోగి ఇంటి గరిటెనే తెప్పించి చూడాలని తేల్చారు. నన్ను అడిగితే నేనూ నాకు తెలీదనే అన్నాను. మా ఇంట్లో వడ్డించేది నేనే, ఎన్ని గరిటెలు తింటానో ఎప్పుడూ చూసుకోలేదు. గంట హాయిగా గడిచింది. స్వరూప వెనక బెంచీలో కూర్చుని నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది.

తర్వాతి గంట మందుల పాఠం. చెప్పేది మూర్తి సారు. తెనాలి వైపు నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడ్డారు. నా మాట వినగానే మనవాళ్ళే అని నమస్కారం పెట్టారు. మంచి మనిషి. కానీ స్వరూప ఆలోచనకి అందరికంటే గట్టిగా అడ్డం నిలబడింది ఆయనే. ఆయన మాట కూడా నాకు సబబుగానే తోచింది. నా పుస్తకంలో మందులు ఏడాదేడాదికీ పెరుగుతున్నాయి, గంట మాత్రం పెరగట్లేదు, ఇందులో పది నిమిషాలు ఇస్తే ఏ మందు వదిలెయ్యమంటారు, ఆ వదిలేసిన మందే రేపు ఈ పిల్ల చేతుల్లో ఒకరి ప్రాణం తీస్తే అని అడుగుతారట. స్టాఫ్ రూములో స్వరూపకి ఆయన ఇంగువ మేడం అని పేరు పెట్టారు. పాయసంలో కూడా ఇంగువ వెయ్యమంటుందని.

అయినా వారం చేసి చూద్దామన్నారు కాబట్టి చేశారు. నన్ను కుర్చీలోంచి లేపి ముందుకి పిలిచి, గుండె నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర గురించి నాకు చెప్పారు. మాత్రకి బదులు నా చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టారు. కూర్చోవాలి, బిళ్ళ నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు, నీళ్ళు తాగకూడదు, తగ్గకపోతే ఐదు నిమిషాలాగి ఇంకోటి, అలా మూడు దాటకూడదు, ఈలోగా ఎవరినైనా పిలవాలి. చక్కగా, నిదానంగా చెప్పారు. తరగతి అంతా నా వైపే చూస్తోంది. అర్థమైందా అండీ అన్నారు. అయిందండీ అన్నాను. ఆయన సంతోషంగా పిల్లల వైపు తిరిగి, చూశారా, రెండు నిమిషాలు కూడా పట్టలేదు అన్నారు.

ముందు బెంచీలో అఖిల అనే అమ్మాయి ఉంది. బక్కపల్చగా, రెండు జడలు. ఆ పిల్ల మర్యాదకి లేచి తన నీళ్ళ సీసా నాకు అందించింది. నేనూ అంతే మర్యాదగా బిళ్ళ నోట్లో వేసుకుని రెండు గుక్కల నీళ్ళతో మింగేశాను. నిలబడే.

పిల్లలు గొల్లుమన్నారు. అఖిల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మూర్తి సారు మాత్రం నవ్వలేదు.

“నేను సరిగ్గా చెప్పలేదా అండీ?”

“బాగా చెప్పారండీ.”

“మరి అర్థమైందన్నారు?”

“మీరంత చక్కగా చెప్పారు కదండీ.”

ఆయన సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ బోర్డు వైపు తిరిగారు. అక్షరాలు నేర్చుకున్నాను, స్టేషన్ల పేర్లు చదువుతున్నాను, మా బడిలో అందరికంటే ముందున్నానని లోపల కొంచెం గర్వం కూడా ఉంది. నోరు మాత్రం పాతదే.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరూ డబ్బాలు తెరిచి మధ్యలో పెట్టుకుని తింటారు. ఎవరి డబ్బాలోంచి ఎవరైనా తీసుకోవచ్చు, తన డబ్బాలోది తానే తింటే తప్పు. నాకు ఆరు రకాల కూరలు వడ్డించారు. మూర్తి సారు తన దొండకాయ వేపుడు నా వైపు జరిపి, స్వరూపతో నెమ్మదిగానే అన్నారు. ఇవాళ నాకు బాగా తెలిసింది మేడం, ఇది నా పది నిమిషాల్లో అయ్యే పని కాదు, ఇంత కష్టమైనదానికి విడి పేపరే ఉండాలి. మిగతావాళ్ళలో ఇద్దరు తలలూపారు.

దొండకాయ ముక్కలు పళ్ళెం అంచుకి నెట్టేశాను. ఆ పిల్లకి సాయం చేద్దామని వచ్చి, అవతలివాళ్ళకి మాట అందించాను.

ఇంటికొచ్చాక మేడ మీద బట్టలు తీస్తూ, రేపు నేను రాను, అప్పడాలు పెట్టే రోజులు పోతున్నాయి, ఇంటికెళ్ళిపోతాను అన్నాను. స్వరూప బట్టలు మడత పెడుతూనే ఉంది. ఆసుపత్రిలో నా కాళ్ళ దగ్గర కూర్చున్న రోజు గురించి మాట్లాడింది. తప్పు నీదని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను అంది. నాలుగేళ్ళ చదువులో ఇంజెక్షన్ ఇవ్వడం వందలసార్లు చేయించారు, అర్థమైందా అని అడగడం మాత్రం ఎవరూ నేర్పలేదు, అదేదో నోటికి దానంతటదే వస్తుందనుకున్నారు అంది. చంద్రకళ చెప్పమన్న మాట నాకు గుర్తుంది. చెప్పడానికి నోరు రాలేదు.

“రేపు మౌలాలి. అక్కడ నీకు కుర్చీ సుత ఉండదమ్మా, నడవాల్సిందే,” అని నా భుజం మీద మడత పెట్టిన తువ్వాలు వేసి కిందికి దిగిపోయింది.

మౌలాలి

నర్సు పిల్లలు వారానికోసారి ఇళ్ళకి వెళ్ళి బీపీ, షుగర్ చూసి మందుల గురించి చెబుతారు. ఆ రోజు వెంట వెళ్ళాల్సిన మేడం గారికి జ్వరం. స్వరూపకి తరగతులున్నాయని మూర్తి సారుని పంపారు. ఆయన గొడుగేసుకుని, ఎండలో తనని తిప్పుతున్నారని సణుగుతూ వచ్చారు. బస్సులో మాత్రం నా పక్కన కూర్చుని, నిన్న పిల్లలు నవ్వినందుకు ఏమీ అనుకోవద్దన్నారు.

గుట్ట కింద రైల్వే కాలనీ. పాత క్వార్టర్లు, ముందు కాస్త ఖాళీ చోటు, ఆ చోట్లో ఎవరిష్టం వాళ్ళది. ఒకరు గోంగూర వేశారు, ఒకరు మేకని కట్టారు. బండి పోయినప్పుడల్లా ఇళ్ళు కొంచెం వణుకుతాయి. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. పైన దర్గాకి మెట్లున్నాయి, అన్ని మతాలవాళ్ళూ ఎక్కుతారట. నా మోకాళ్ళు కింద నుంచే దణ్ణం పెట్టమన్నాయి.

అఖిలకి ఇచ్చిన ఇల్లు బాలమణి అనే పెద్దావిడది. ఆవిడ భర్త రైలు పట్టాల మీద పనిచేసేవాడు, ఇప్పుడు లేడు. కోడలు పనికెళ్ళింది, ఇంట్లో ఒక్కతే. బీపీ మాత్రలు ఇచ్చి చాలా రోజులైంది కానీ బీపీ దిగట్లేదు. అఖిల మంచం పక్కన నిలబడి బీపీ చూసి, మాత్ర చూపించి అన్నీ చెప్పింది. రోజూ ఒకే వేళకి వేసుకోవాలి, బాగుందని ఆపకూడదు, ఏం తేడా వచ్చినా డాక్టరుకి చెప్పాలి. సారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. నేను గడప మీద కూర్చున్నాను.

అర్థమైందా అవ్వా అంది. అయింది బిడ్డా అంది బాలమణి. ఆ మాట విని నాకు నవ్వాగలేదు, కొంగు అడ్డం పెట్టుకున్నాను. అఖిల స్వరూప నేర్పినట్టే, అయితే నాకు మళ్ళ చెప్పు అంది. బాలమణి మొహం మారిపోయింది.

“ఏందీ, నాకు పరీక్ష పెడ్తున్నవా? నా మనుమరాలంత లేవు.”

మంచం మీదనుంచి లేచి లోపలికి పోబోయింది. అఖిల బెదిరిపోయి సారు వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ పిల్లకి ఏడుపు వచ్చేలా ఉంది. గబగబా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“పరీక్ష నీకు గాదవ్వా, నాకు. నేను మంచిగ చెప్పిన్నా లేదా అని గా సారు చూస్తుండు. నువ్వు తప్పు చెప్తే నా మార్కులు వోతయ్.”

బాలమణి ఆగింది. గుమ్మంలో గొడుగుతో నిలబడ్డ సారుని కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత అఖిలని లాగి మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా, మల్ల మొదటికెల్లి చెప్పు అంది.

అఖిల మొదట్నుంచీ చెప్పింది. బాలమణి ఈసారి ఒక్కో మాటకీ ఆపి అడిగింది. తర్వాత సారుకి వినబడేలా గట్టిగా అప్పజెప్పింది. ఒకటి తప్పింది, అఖిల దిద్దింది, మళ్ళీ చెప్పింది. మధ్యలో ఆవిడే ఒక మాట అంది. రోజూ ఏసుకోమంటవు గని, దగ్గొచ్చిన రోజు ఎట్ల ఏసుకోవాలె, దగ్గు పోయేదాంక బంద్ పెడ్త కదా అని.

గొడుగు కింద పడిన చప్పుడైంది. మూర్తి సారు లోపలికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఏం దగ్గమ్మా, కఫం వస్తుందా, పొడి దగ్గా, ఎప్పట్నుంచి అని అడిగారు. పొడి దగ్గు. ఈ మాత్రలు మొదలైనప్పట్నుంచే. ఆయన అఖిల వైపు తిరిగి, ఈ మందు గురించి నేను చెప్పిన పాఠంలో ఏముంది అన్నారు. కొందరికి పొడి దగ్గొస్తుంది సార్, వస్తే డాక్టరు వేరే మందు మారుస్తారు అని ఆ పిల్ల వెంటనే చెప్పింది. పుస్తకంలో మాట అలాగే. పోయిన పరీక్షలో రాసిందట కూడా.

డాక్టరుకి చెప్పి మందు మార్పిస్తామని, అప్పటిదాకా ఆపొద్దని ఆయనే బాలమణికి చెప్పారు. చెప్పి, కాస్త తడబడి, నేను సరిగ్గా చెప్పానో లేదో చూస్తారా అన్నారు. బాలమణి ఆయనకీ అప్పజెప్పింది. తర్వాత అందరికీ టీ పెట్టింది, సాసర్లలో పోసి ఇచ్చింది. మేం లేస్తుంటే సారుని ఆపి ఇంకో మాట అంది.

“పోరి మంచిగనే చెప్పింది సారూ. నా మతిమరుపుకు దాని మార్కులు కొయ్యకు.”

తిరిగొచ్చేటప్పుడు ఆయన బస్సులో సణగలేదు. గొడుగు బాలమణి ఇంట్లోనే మర్చిపోయారు. అఖిల నా పక్కన కూర్చుని, అవ్వకి అబద్ధం చెప్పాను పెద్దమ్మా, సారు ఈరోజు మార్కులు వెయ్యట్లేదు అని చెవిలో చెప్పింది. ముందు సీట్లోంచి మూర్తి సారు తల తిప్పకుండానే, ఇరవైకి పద్దెనిమిది అన్నారు.

సికింద్రాబాద్ స్టేషన్

లెక్చరర్లు కూర్చునే రోజు, నా బండి రోజు ఒకటే అయ్యాయి. మీటింగు మధ్యాహ్నమే అయిపోతుందనుకున్నాం. కాలేదు. స్వరూప ఫోన్ తియ్యలేదు. సాయంత్రం చంద్రకళే నన్ను స్టేషన్‌కి తీసుకొచ్చింది. సర్వపిండి కాగితంలో చుట్టి ఇచ్చింది. ఎస్కలేటర్ దగ్గర నేను జంకితే చెయ్యి పట్టుకుంది. నన్ను సీట్లో కూర్చోబెట్టాక కూడా కిటికీ బయట నిలబడి బ్రిడ్జి వైపే చూస్తోంది. నాకు ఒకటే దిగులు. ఆ పిల్ల మొహం చూడకుండా, ఏమైందో తెలీకుండా ఇంటికి పోవాలా అని.

బండికి ఇంకా కాస్త టైముండగా స్వరూప జనంలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. కొంగు ఒకవైపు, బ్యాగు ఒకవైపు. పెట్టెలోకి ఎక్కేసింది. ఊపిరి తిరగకుండానే చెప్పింది.

“అయిందమ్మా. సెపరేట్ పేపర్ క్రెడిట్స్ తీసేసి ప్రతి కోర్సుల మ్యాపింగ్ చేస్తున్నరు, ఇంటర్నల్ అసెస్‌మెంట్ల సుత పెట్టిన్రు. మూర్తి సారే ముందు లేచి ప్రపోజ్ చేసిండు. ఒక్క అనాటమీకి నెక్స్ట్ అకడమిక్ ఇయర్ రివ్యూ అన్నరు. అర్థమైందా అమ్మా?”

ఆ మొహం చూడాలి మీరు. పలక పట్టుకుని మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా అంత వెలగలేదు. బండి టైమవుతోంది, కిటికీ బయట వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, మంచి వార్తే అని నాకు తెలుస్తూనే ఉంది. అయిందమ్మా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని ఆపడానికి ఎంత కష్టమైందో మీకు చెప్పలేను.

“కాలేదు స్వరూపా. మళ్ళీ చెప్పు.”

స్వరూప నన్ను చూసింది. బ్యాగు కింద పెట్టి, నా పక్కన ఉన్నాయన్ని కాస్త జరగమని, కూర్చుంది. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి మా సాయంత్రం బడిలో చెప్పినట్టు చెప్పింది. ఆఖరి ఏడాదిలో ఉన్న విడి పేపరు ఇంక లేదు. మొదటి ఏడాది నుంచే ప్రతి సబ్జెక్టులో ఆ పాఠం ఉంటుంది, మూర్తి సారు మందుల పాఠంతో సహా. పరీక్షల్లో పిల్లలు రోగికి చెప్పాలి, రోగి తిరిగి చెప్పాలి. రోగి ఏం చెప్పిందో దాన్నిబట్టి పిల్లలకి మార్కులు. ఒంట్లో భాగాల పాఠం, అదే అనాటమీ, చెప్పే మేడం మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఏడు మళ్ళీ అడగాలి. విడి పేపరు పోయింది కాబట్టి ఎవరైనా చెప్పడం మానేస్తే అడిగేవాళ్ళుండరు, నేనే ప్రతి తరగతికీ వెళ్ళి చూసుకోవాలి అంది. అంటే వార్డుకి పోవట్లేదన్నమాట. బయట చంద్రకళకి కూడా వినబడేలా ఆ మాట నేను మళ్ళీ అడిగి చెప్పించాను.

“ఇప్పుడు నువ్వు చెప్పమ్మా. పరీక్ష నాకే.”

చెప్పడం మొదలుపెట్టాను. విడి పేపరు తీసేశారు. మొదటి ఏడాది నుంచే అన్నిట్లోనూ ఉంటుంది. మార్కులు రోగి నోట్లోంచి వస్తాయి. అంతవరకూ చెప్పి ఆగిపోయాను. ఇంకోటి ఉంది, గుర్తు రాలేదు. కూత వేశారు. స్వరూప నా తల నిమిరి దిగిపోయింది. బండి కదిలింది. కిటికీ చువ్వల మీద చెయ్యి వేసి, వాళ్ళమ్మని వెనకే వదిలేసి, బండితో పాటు నడుస్తూ, “అనాటమీ?” అంది.

“వచ్చే ఏడు,” అన్నాను, బండి చప్పుడులో కూడా ఆ పిల్లకి వినబడేంత గట్టిగా.